పెద్ద గదికి బేరం ఎవరు ఆడాలి?

శ్రీరామనవమికి భద్రాచలంలో మంచి ఏసీ సూట్ కావాలని ఖమ్మంలో ట్రావెల్స్ ఆఫీసు మెట్లెక్కే కుటుంబం ఒకటి. అమ్మాయి పెళ్లికి హైదరాబాద్‌లో పెద్ద హోటల్ గదులు మాట్లాడుకోవాలనుకునే కుటుంబం ఇంకొకటి. షష్టిపూర్తి చేసుకున్న అమ్మానాన్నలను నాలుగు రోజులు దుబాయ్ పంపాలనుకునే కొడుకు మరొకడు. ముగ్గురి ప్రశ్నా ఒక్కటే. ఏజెంటు చేత అడిగిస్తే రేటు తగ్గుతుందా, మనమే హోటల్‌కు ఫోన్ చేస్తే తగ్గుతుందా?

దీనికి రెండు జవాబులు వినిపిస్తాయి. మధ్యవర్తి ఉంటే అతని కమిషన్ మన నెత్తినే పడుతుంది కాబట్టి నేరుగా మాట్లాడుకోవడమే లాభమనేది మొదటిది. హోటల్ వాళ్లకు మనం ఒక్కసారి వచ్చి పోయేవాళ్లం, ఏజెంటు ఏడాది పొడవునా గిరాకీ తెచ్చేవాడు కాబట్టి అతని మాటే చెల్లుతుందనేది రెండోది. రెండింట్లోనూ నిజం ఉంది. అయితే రెండు పక్షాలూ రేటు చుట్టూనే తిరుగుతున్నాయి. ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచు దాకా, అక్కడి నుంచి హైదరాబాద్ దాకా గదుల వ్యాపారం నడిచే తీరు చూస్తే మరో సంగతి తేలుతుంది. పెద్ద గదుల విషయంలో రేటు కదిలేది తక్కువ, షరతులు కదిలేది ఎక్కువ. మంచి ఏజెంటు విలువ తెలిసేది షరతుల దగ్గరే.

బోర్డు మీది రేటు, లోపలి రేటు

ఒకే గదికి హోటల్ దగ్గర కనీసం నాలుగు రేట్లు ఉంటాయి. రిసెప్షన్‌లో బోర్డు మీద కనిపించేది గరిష్ఠ రేటు. ఈ వ్యాపారంలో దాన్ని రాక్ రేటు అంటారు. గిరాకీని బట్టి వెబ్‌సైట్లో పూటపూటకూ మారేది రోజువారీ రేటు. కంపెనీలతో ఏడాదికోసారి రాసుకునేది కాంట్రాక్టు రేటు. ట్రావెల్స్ వాళ్లకు ఇచ్చేది నెట్ రేటు. నెట్ రేటు మీద ఏజెంటు తన లాభం వేసుకుని మనకు అమ్ముతాడు. అలా కాకుండా మనం హోటల్‌కే డబ్బు కట్టి, హోటల్ నుంచి ఏజెంటు కమిషన్ తీసుకునే పద్ధతీ ఉంది. ఈ రెండు పద్ధతుల తేడా తెలియకుండా బేరానికి దిగితే ఎవరితో ఆడుతున్నామో కూడా తెలియదు.

ఆన్‌లైన్ బుకింగ్ కంపెనీలు వచ్చాక ఈ లెక్క ఇంకొంచెం బిగిసింది. అవి హోటళ్ల నుంచి సాధారణంగా 15 నుంచి 25 శాతం దాకా కమిషన్ తీసుకుంటాయి. తమ దగ్గరకంటే తక్కువ రేటుకు ఇంకెక్కడా గది అమ్మకూడదని షరతూ పెట్టేవి. ఈ షరతు మీదే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2022 అక్టోబరులో మేక్‌మైట్రిప్-గోఐబిబో సంస్థకు 223.48 కోట్ల రూపాయల జరిమానా విధించి, ఒప్పందాల్లోంచి దాన్ని తీసేయమని ఆదేశించింది. ఆ సంస్థ అప్పీలుకు వెళ్లింది. మామూలు యాత్రికుడికి ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. బయటికి కనిపించే రేటును తగ్గించడానికి హోటల్ జంకుతుంది. ఫోన్లోనో, ఏజెంటుకు రాసిచ్చే ఉత్తరంలోనో, ప్యాకేజీలో కలిపేసో మాత్రం తగ్గించగలదు. అడిగినవాడికే దొరికే రేటు అంటూ ఒకటి ఉండటానికి కారణం ఇదే.

భద్రాచలం: గదులు పెరగని ఊరు

ఈ సూత్రాలన్నీ భద్రాచలం వచ్చేసరికి తలకిందులవుతాయి. గోల్కొండ తానీషా కాలంలో పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న కట్టించిన గుడికి నేటికీ జనం తరలివస్తూనే ఉన్నారు. అయినా ఊళ్లో ఐదు నక్షత్రాల హోటల్ లేదు. దేవస్థానం కాటేజీలు, సత్రాలు, పర్యాటక సంస్థ వారి హరిత హోటల్, ప్రైవేటు లాడ్జీలు ఉన్నాయి. లాడ్జీల్లో సూట్ అని రాసి ఉండేది చాలాచోట్ల రెండు గదులు కలిపిన ఏసీ పోర్షనే.

డబ్బున్నవాళ్లు ముందుకు రాకపోవడం దీనికి కారణం కాదు. భద్రాచలం, చుట్టుపక్కల మండలాలు ఐదో షెడ్యూలు కింద ఉన్న ఏజెన్సీ ప్రాంతం. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు. జనం '1/70 చట్టం' అని పిలిచే ఆ సవరణ ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి మారడం చెల్లదు. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు ఈ రక్షణను ఇంకా గట్టిపరిచింది. ప్రభుత్వం తన భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకిచ్చినా ఆ నిబంధన వర్తిస్తుందని చెప్పింది. కోయలు, కొండరెడ్ల కాళ్ల కింది నేల వాళ్లకు మిగలాలంటే ఈ చట్టం ఉండి తీరాలి. విలాసపు రిసార్టు లేకపోవడం ఆ రక్షణకు మనం చెల్లించే చిన్న ధర. దాన్ని లోటుగా చూడటం న్యాయం కాదు.

నేల కొరతకు ఇంకో కారణమూ ఉంది. 2014లో పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం లాంటి ఊళ్లు అటు వెళ్లాయి. రాముడి మాన్యాలున్న పురుషోత్తపట్నం ఇప్పుడు వేరే రాష్ట్రం. ఒకవైపు గోదావరి, మిగతా వైపుల రాష్ట్ర సరిహద్దు. ఊరు పెరగడానికి చోటు లేదు, గదులు పెరగడానికీ లేదు.

గదుల సంఖ్య ఇలా బిగుసుకుపోయిన చోట ఏజెంటు రేటు తగ్గించలేడు. శ్రీరామనవమి నాడు మిథిలా స్టేడియంలో కల్యాణం, మర్నాడు పట్టాభిషేకం. ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు వచ్చే ఆ రెండు రోజులు యాత్రికులకే కాదు, ప్రముఖులకూ బందోబస్తు సిబ్బందికీ వసతి కావాలి. అలాంటి రోజున ఏ లాడ్జి యజమానీ ఎవరి ముఖం చూసీ తగ్గించడు. మరి ఏజెంటు ఏం చేయగలడంటే, గది ఉందని ఖాయం చేయగలడు. నెలల ముందే అడ్వాన్స్ కట్టి, గది నంబరుతో వోచర్ రాయించి, ఆ రోజు ఎక్కువ ఇచ్చేవాడు వచ్చినా మన గది మనకే ఉండేలా చూడగలడు. భద్రాచలంలో ఏజెంటుకు ఇచ్చే డబ్బు ఈ భరోసాకే. ఆ భరోసా రాసివ్వలేని ఏజెంటు కంటే దేవస్థానం కాటేజీకి మనమే సొంతంగా దరఖాస్తు పెట్టుకోవడం మేలు.

పంచాంగం చూసి అడగాలి

రేటు కదలకపోయినా తేదీ కదులుతుంది. తెలుగునాట గదుల గిరాకీని నడిపేది ఇంగ్లీషు క్యాలెండర్ కంటే పంచాంగమే. చైత్ర శుద్ధ నవమి ఏ రోజు పడుతుందో, ముక్కోటి ఏకాదశి ఎప్పుడో చాలా ముందే తెలుస్తుంది. ముక్కోటి ముందురోజు సాయంత్రం గోదావరిలో తెప్పోత్సవం, తెల్లవారుజామున ఉత్తర ద్వార దర్శనం. ఆ రెండు రాత్రులకే గిరాకీ ఎక్కువ. దర్శనమే ముఖ్యమనుకునేవాళ్లు నాలుగు రోజులు అటో ఇటో జరిగితే అదే గది సులువుగా దొరుకుతుంది, మాట్లాడుకునే వీలూ ఉంటుంది.

హైదరాబాద్ లెక్క వేరు. అక్కడి పెద్ద హోటళ్లకు పెళ్లిళ్లే ప్రాణం. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, మూఢంలో ఉండవు, ధనుర్మాసంలో ఉండవు. హాళ్లు ఖాళీగా ఉన్న ఆ రోజుల్లో సేల్స్ మేనేజర్ మనతో మాట్లాడే తీరే మారుతుంది. పెళ్లికి ముహూర్తం జరపలేం, నిజమే. కానీ రిసెప్షన్‌నో, షష్టిపూర్తికి వచ్చే బంధువుల బసనో కొంచెం జరుపుకోవచ్చు. ఐటీ కంపెనీల చుట్టుపక్కల హోటళ్లకు వారం మధ్యలో గిరాకీ, శనాదివారాల్లో ఖాళీ. వినోదం కోసం వెళ్లే ప్యాలెస్ హోటళ్ల లెక్క దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. ఈ తేడా తెలిసిన ఏజెంటు "ఎంత తగ్గిస్తారు" అని అడిగే ముందు "ఏ తేదీకైతే వీలుంది" అని అడుగుతాడు.

భద్రాచలానికి వానాకాలం కూడా అన్‌సీజనే, అయితే ఇక్కడ జాగ్రత్త కావాలి. గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో 71.3 అడుగులకు వచ్చినప్పుడు వంతెన మీద రాకపోకలు ఆపేశారు. జులై, ఆగస్టుల్లో రేటు తక్కువని అడ్వాన్స్ కట్టేవాళ్లు ముందు అడగాల్సిన మాట, వరద వస్తే డబ్బు వెనక్కి ఇస్తారా, తేదీ మారుస్తారా అని. వాపసు లేని చవక గది కంటే వాపసు ఉన్న మామూలు రేటు గది ఆ కాలంలో చాలా మేలు.

పాపికొండల ప్యాకేజీ

ఈ అంచున ఏజెంట్ల వ్యాపారం ఎక్కువగా నడిచేది పాపికొండల మీదే. గది, కారు, పర్ణశాల దర్శనం, పోచవరం వైపు లాంచీ ప్రయాణం, పేరంటాలపల్లి, భోజనం అన్నీ కలిపి తలకు ఇంతని చెప్తారు. విడివిడిగా దేని రేటు ఎంతో తెలియకుండా పోయేది ఇక్కడే. గది మీద తగ్గించినట్టు చూపి బోటు మీద కలిపేయొచ్చు, ఏసీ గది అని చెప్పి రాత్రి బసను నది ఒడ్డు వెదురు గుడిసెలోకి మార్చొచ్చు. ప్యాకేజీ తప్పేమీ కాదు. విడివిడి లెక్క అడిగి, ఆ కాగితం చేతిలో పెట్టుకోవడం మన హక్కు.

ఇక్కడ డబ్బు కంటే పెద్ద విషయం ప్రాణం. 2019 సెప్టెంబరు 15న వరద ఉధృతిలో ఉన్న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట బోటు మునిగి రెండు రాష్ట్రాల యాత్రికులు ఎంతోమంది చనిపోయారు. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బోట్లను తనిఖీ చేసి పంపే కంట్రోల్ రూమ్‌లు ఏర్పాటు చేసింది. యాత్రికుడు పడుకునే గది తెలంగాణలో, ఎక్కే బోటు ఆంధ్రలో. తేడా వస్తే అడగడానికి మధ్యలో ఉండేది ఏజెంటు ఒక్కడే. కాబట్టి బోటుకు అనుమతి ఉందా, లైఫ్ జాకెట్ తప్పనిసరా, నీటిమట్టం పెరిగి బోటు ఆగితే డబ్బు ఎంత వెనక్కి వస్తుంది అన్నవి రేటు కంటే ముందు మాట్లాడాలి. అక్కడ తగ్గింపు కోసం భద్రతను వదులుకోవద్దు. పేరంటాలపల్లిలో కొండరెడ్లు అమ్మే వెదురు బొమ్మల దగ్గర అసలు బేరమే వద్దు. వేల రూపాయల గదికి అడ్వాన్స్ కట్టి వచ్చినవాళ్లం, ఒక మనిషి రోజంతా చెక్కిన వస్తువుకు అడిగినంత ఇవ్వడం మన ధర్మం.

కంపెనీల రేటు

ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచల్లో గదుల వ్యాపారం గుడితో పాటు పనిమీద వచ్చేవాళ్లతోనూ నడుస్తుంది. ఖమ్మానికి మిర్చి, గ్రానైట్ కొనుగోలుదారులు వస్తారు. కొత్తగూడెం సింగరేణికి, పాల్వంచ థర్మల్ కేంద్రానికి, సారపాక ఐటీసీ పేపర్ బోర్డ్స్‌కు ఇంజనీర్లు, ఆడిటర్లు, కాంట్రాక్టర్లు వస్తారు. ఇలాంటి పెద్ద సంస్థల సొంత గెస్ట్‌హౌస్‌లు నిండిపోతే మిగిలినవాళ్లు హోటళ్లకు వెళ్తారు.

రేటు నిజంగా తగ్గే చోటు ఇదే. ఏడాదిలో ఇన్ని రాత్రులు తెస్తామని రాసిచ్చే సంస్థకు హోటల్ కాంట్రాక్టు రేటు ఇస్తుంది. ఒక్క కుటుంబం అంత గిరాకీ ఇవ్వలేదు, చాలా కుటుంబాలను తెచ్చే ఏజెంటు ఇవ్వగలడు. రెండో జవాబు వాళ్ల వాదన పూర్తిగా నిలబడేది ఇక్కడ. అందుకే ఏజెంటును ఎంచుకునేటప్పుడు అడగాల్సింది అతనికి ఎంత పేరుందని కాదు, ఆ హోటల్‌కు ఏడాదిలో ఎంతమందిని పంపుతాడని. పరిచయం లేని హోటల్ విషయంలో పెద్ద ఏజెంటైనా మనలాంటివాడే.

ఫలక్‌నుమా, ఆపైన

ఇక అసలైన విలాసపు సూట్లు. వికారుల్ ఉమ్రా 1884లో కట్టడం మొదలుపెట్టిన ఫలక్‌నుమా తర్వాత ఆరో నిజాం చేతికి వచ్చింది. మరమ్మతులు చేసి తాజ్ సంస్థ 2010లో హోటల్‌గా తెరిచింది. నూటొక్క మంది కూర్చునే భోజనాల బల్ల ఉన్న ఆ ప్యాలెస్‌లో గదులు, సూట్లు అన్నీ కలిపి అరవయ్యే. అలాంటి హోటల్ రేటు బహిరంగంగా తగ్గిస్తే పేరు తగ్గుతుంది. అందుకని రేటు నిలబెట్టి, దానికి ఏవైనా జోడిస్తుంది.

ప్రపంచమంతటా ఖరీదైన హోటళ్లు ఏజెంట్లతో చేసుకున్న ఏర్పాట్లు దీన్నే రుజువు చేస్తున్నాయి. అమెరికాలోని ఫోర్ట్‌వర్త్ కేంద్రంగా నడిచే వర్చువోసో, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కార్డుదారులకు ఉండే ఫైన్ హోటల్స్ అండ్ రిసార్ట్స్, ఫోర్ సీజన్స్ వారి ప్రిఫర్డ్ పార్ట్‌నర్ లాంటివి చూడండి. వీటిలో గది రేటు చాలావరకు హోటల్ సొంత వెబ్‌సైట్లో ఉన్నదే. అదనంగా వచ్చేవి ఇద్దరికి ఉదయం టిఫిన్, హోటల్లో ఖర్చు పెట్టుకోవడానికి సుమారు వంద డాలర్ల క్రెడిట్, ఖాళీ ఉంటే పెద్ద గదికి మార్పు, ఆలస్యంగా ఖాళీ చేసే వీలు. డాలస్ నుంచో శాన్‌హోసే నుంచో పిల్లలు అమ్మానాన్నలకు విదేశీ ప్రయాణం ఏర్పాటు చేస్తున్నప్పుడు ఇలాంటి ఏర్పాటున్న ఏజెంటు ద్వారా వెళ్తే అదే డబ్బుకు ఇవి కలిసొస్తాయి. రాత్రి విమానం ఉన్న పెద్దవాళ్లకు సాయంత్రం నాలుగింటి దాకా గది ఉండటం పదిశాతం తగ్గింపు కంటే ఎంతో విలువైనది.

సూట్ల సంగతి ఇంకొంచెం ప్రత్యేకం. హోటల్లో సూట్లు కొద్దిగానే ఉంటాయి, చివరిదాకా ఖాళీగా ఉండేవీ అవే. రేటు తగ్గించి అమ్మడం కంటే మామూలు గది తీసుకున్నవాళ్లకు దాన్ని ఇచ్చి సంతోషపెట్టడమే హోటల్‌కు సుఖం. అందుకే సూట్ కావాలంటే మూడు రాత్రులకు మంచి గది తీసుకుని, ఖాళీ ఉంటే సూట్‌కు మార్చమని హోటల్ సేల్స్ విభాగంతో పరిచయం ఉన్న ఏజెంటు చేత ముందుగా రాయించడం మంచి దారి. ఖాళీ ఉంటేనే అన్న మాట మీద ఆశ పెట్టుకోవచ్చు, పెళ్లికూతురి గదిని మాత్రం పెట్టకూడదు. ఆ ఒక్క సూట్‌కు పూర్తి రేటు కట్టి ఖాయం చేసుకుని, బంధువుల గదుల సంఖ్య మీద మాట్లాడుకోవాలి. ఇన్ని గదులు తీసుకుంటే ఇన్ని ఉచితం, మిగిలిపోయిన గదులు ఏ తేదీ లోపల వెనక్కి ఇవ్వొచ్చు అన్నవి ఆ ఒప్పందంలో ఉండాలి.

7,500 దగ్గర గీత

బేరంలో చాలామంది మరిచిపోయేది పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. 7,500 గదికి పన్నుతో కలిపి 7,875 అవుతుంది. 7,600 గదికి 8,968. అంటే హోటల్ వంద రూపాయలు తగ్గిస్తే మనకు 1,093 రూపాయలు మిగులుతుంది. ఈ గీత దగ్గర్లో ఉన్న రేటుకు ఇంతకంటే సులువైన బేరం లేదు. ఖమ్మం, హైదరాబాద్ మధ్యస్థాయి హోటళ్లలో దీన్ని తప్పకుండా అడగాలి.

పెద్ద సూట్లకు ఇంకో లెక్క ఉంది. టూర్ ప్యాకేజీగా అమ్మే ఏజెంటు మొత్తం బిల్లు మీద 5 శాతం జీఎస్టీ వేస్తాడు. హోటల్‌కు అతను కట్టిన 18 శాతాన్ని అందులోంచి తీసివేయలేడు కాబట్టి అదీ ధరలో కలిసే వస్తుంది. అదే ఏజెంటు మన పేరున బుక్ చేసి, డబ్బు మనం హోటల్‌కే కట్టి, అతను హోటల్ నుంచి కమిషన్ తీసుకుంటే ఈ రెండో పన్ను పడదు. ఖరీదైన గదికి ఈ పద్ధతే మేలు.

ఏజెంటుకు డబ్బు ఎవరిస్తారు?

సూటిగా అడగాల్సిన ప్రశ్న ఇది. హోటల్ ఇచ్చే కమిషన్ మీద బతికే ఏజెంటు ఎక్కువ కమిషన్ ఇచ్చే హోటల్‌నే మంచిదని చెప్పవచ్చు. విదేశీ హోటళ్లలో ఆ కమిషన్ సుమారు పదిశాతం. నెట్ రేటు మీద అమ్మేవాడు తన లాభం చెప్పడు. మన దగ్గర ఫీజు తీసుకునేవాడు మన పక్షాన మాట్లాడటానికి ఎక్కువ అవకాశం ఉంది. మూడు పద్ధతులూ న్యాయమైనవే, దాచనంత వరకు. "మీకు డబ్బు ఎవరు ఇస్తారు?" అన్న ప్రశ్నకు తడబడకుండా జవాబు చెప్పే మనిషిని నమ్మవచ్చు.

ఏం తేలింది

మొత్తం మీద మొదటి జవాబు ఒక్క రాత్రికి ఒక్క గది కావాల్సిన చోట నిజం. అక్కడ నేరుగా ఫోన్ చేసి, వెబ్‌సైట్ రేటు చెప్పి, టిఫిన్ కలపమని అడిగితే చాలు. రెండో జవాబు ఎక్కువ రాత్రులు, ఎక్కువ గదులు, విదేశీ హోటళ్లు ఉన్న చోట నిజం. భద్రాచలంలో పండగ రోజుల్లో మాత్రం ఎవరు అడిగినా రేటు తగ్గదు. అక్కడ కావాల్సింది రాతపూర్వకమైన హామీ. అన్ని చోట్లా ఒకే నాలుగు విషయాలు కాగితం మీద ఉండాలి. ఏ గది, పన్నుతో కలిపి మొత్తం ఎంత, ఏ గంటకు ఖాళీ చేయాలి, రద్దయితే ఎంత వెనక్కి వస్తుంది. లాడ్జీల్లో 24 గంటల చెకౌట్ ఉందో, మధ్యాహ్నం పన్నెండుకే తాళం అడుగుతారో తెలియక సగం రోజు అద్దె పోగొట్టుకునే యాత్రికులు ఇంకా ఉన్నారు.

2015 జులై తర్వాత గోదావరి పుష్కరాలు మళ్లీ 2027లో వస్తున్నాయి. ఆ పన్నెండు రోజులు భద్రాచలంలో ఏజెంటు తెలిసినవాడికే గది దొరికే పరిస్థితి రాకూడదు. దేవస్థానం, పర్యాటక సంస్థ, లాడ్జి యజమానులు కలిసి గదుల రేట్లూ రద్దు నియమాలూ ముందే ప్రకటించాలి. కొన్ని గదులను ఏజెంట్ల చేతికి ఇవ్వకుండా నేరుగా వచ్చే పేద యాత్రికుడికి ఉంచాలి. ప్యాకేజీ అమ్మే ప్రతి ఏజెంటూ విడివిడి లెక్క ఇవ్వాలని నియమం పెట్టాలి. బేరం ఆడగలిగేవాళ్లు ఎక్కడైనా తమ దారి తాము చూసుకుంటారు. ఆడలేనివాళ్లకు కూడా న్యాయమైన రేటుకు గది దొరికేలా చూసే బాధ్యత ఈ ముగ్గురిదీ, దానికి ఏర్పాట్లు ఇప్పటినుంచే మొదలుకావాలి.